జడ ఎవరు వేశారు

ఇటెందుకు చూస్తోంది ఈ పిల్ల, ఇటు చూడాల్సిన పనే లేదు, ఈ సాఫ్ట్‌బాల్ టీమ్‌లో సైగ ఇచ్చేది విసరడం నేర్పే పిచింగ్ కోచ్ జోలీన్, అందుకునేది బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ మరీసా, జోలీన్ ముక్కు ముట్టుకుంటే పైకి లేచే బంతి, చెవి పట్టుకుంటే కిందికి జారే బంతి, గడ్డం గోక్కుంటే నిదానం బంతి, మరీసా చూసుకుని మోకాళ్ల మధ్య వేళ్లతో బంతి విసిరే పిచర్‌కి చెప్తుంది, ఎమ్రీ ఆ వేళ్లు చూసి విసరాలి, అంతే, టీమ్ కూర్చునే ఈ డగౌట్ గుంట వైపు తల తిప్పక్కర్లేదు, ఈ కాలేజీలో చేరినప్పట్నుంచీ తిప్పింది లేదు, ఇవాళ మాత్రం ప్రతి బంతికీ ముందు తిప్పుతోంది, ఓక్లహోమా గాలికి ఎర్రదుమ్ము లేచి పిచర్ చుట్టూ సున్నంతో గీసిన వలయం సగం చెరిగిపోయింది, ఆ చెరిగిన గీత మధ్య నిలబడి, మొహానికి కట్టుకున్న ఇనపజాలీ వెనక నుంచి రెండు కళ్లు, సూటిగా, జోలీన్ మీదే, ఏమిటమ్మా, నా సైగ నచ్చలేదా, నన్ను నమ్మడం లేదా, ఇంకే పెద్ద కాలేజీవాళ్లో నిన్ను లాగేస్తున్నారా, లేకపోతే వాళ్లమ్మ మళ్లీ ఏదన్నా ఎక్కించిందా, జోలీన్ పిడికిలి బిగించి చూపించింది, కానివ్వు అన్నట్టు, పిల్ల తల తిప్పుకుని విసిరింది, బంతి దారి తప్పి దూరంగా పోయింది, మరీసా పక్కకి దూకి పట్టుకుంది, పక్కన హెడ్ కోచ్ వేడ్ పొద్దుతిరుగుడు గింజల పొట్టు తుపుక్కున ఉమ్మి, ఏం జోలీన్, సంతలో తప్పిపోయిన పిల్లలా దిక్కులు చూస్తావేంటి, ఇంకొక్కర్ని పడేస్తే కప్పు మనది, కప్పు వస్తే ఈ టీమ్ నీదని చెప్పానా లేదా, సైగ ఇవ్వవే తల్లీ.

చెప్పాడు, నిజమే, ఎన్నాళ్ల నుంచి ఎదురుచూసిన మాట అది, పల్లెటూరి బడుల్లో మొదలుపెట్టి, చలికాలం గడ్డివాముల కొట్టాల్లో పాఠాలు చెప్పి, తనే బస్సు నడిపి, తనే బట్టలుతికి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని పిల్లల బంతులు పట్టి పట్టి నడుం పడిపోయి, ఎప్పుడూ రెండో మనిషే, హెడ్ కోచ్‌కి పక్క మనిషే, ఇంక ఒక్క బ్యాటర్, మూడో బేస్ మీద వాళ్ల పిల్ల పరుగు తీసేందుకు కాచుకుని ఉంది, మనకి ఉన్నది ఒక్క పరుగు ఆధిక్యం, బెంచీ మీదున్న రెండో పిచర్ కొత్తపిల్ల, దాన్ని దింపితే మ్యాచ్ మీద ఆశ వదులుకున్నట్టే, కాబట్టి ఎమ్రీయే విసరాలి, నిన్నా ఎమ్రీయే, మొన్నా ఎమ్రీయే, మగపిల్లల బేస్‌బాల్‌లో అయితే బంతి బంతికీ లెక్క, ఇవాళ విసిరినవాడికి రేపు సెలవు, చేతికి ఐసుకట్లు, వెంట డాక్టరు, సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లకి మాత్రం ఏ లెక్కా లేదు, ఎందుకంటే కింద నుంచి విసిరే చెయ్యి అరగదట, దేవుడు చేతిని వేలాడదీసిందే అలాగట, ఈ ముక్క ఎవడు పుట్టించాడో వాడి చెయ్యి రోజుకి అన్నిసార్లు గిరగిరా తిప్పించాలి, అప్పుడు తెలుస్తుంది, నాన్న కూడా అదే అనేవాడు, గోధుమ గిడ్డంగిలో పని దిగి వచ్చి, ఒళ్లంతా ధూళితో షెడ్డు వెనక బకెట్ బోర్లించుకుని కూర్చుని, ఊయల ఊగినట్టేగా అమ్మడూ, ఊయల ఎక్కడైనా అరుగుతుందా, ఇంకొకటి వెయ్యి, జోలీన్ వేసింది, ఇంకొకటి వేసింది, కాలేజీ చివరి ఏడు భుజంలో ఏదో పటుక్కుమని తెగేదాకా వేసింది, ఈ రోజుకీ ఇనప పెనం ఎడం చేత్తోనే దించుతుంది.

డగౌట్ కమ్మీ పట్టుకుని పిల్లలు పాట అందుకున్నారు, ఎమ్రీ ఎమ్రీ వేసెయ్యి, బ్యాటుకి గాలే మిగిల్చెయ్యి, కమ్మీని కొడుతూ, బూట్లతో నేల దంచుతూ, అందరి జడలూ ఇవాళ వంకరటింకర, ఒకదాని జడ అప్పుడే ఊడిపోయింది, అవునూ, ఇంత పెద్ద మ్యాచ్‌కి ఇలా వచ్చారేం, ప్రతి మ్యాచ్‌కీ పొద్దున్నే వరసలో కూర్చుంటారు, ఎమ్రీ వెనక నిలబడి అందరికీ నెత్తికి అంటుకుపోయేలా బిగించి అల్లుతుంది, అది అల్లితేనే గెలుస్తామని వీళ్ల పిచ్చి నమ్మకం, ఇవాళ బస్సులో అందరూ రిబ్బన్లు పట్టుకుని చుట్టూ మూగితే, మీరే వేసుకోండర్రా, నాకు మూడ్ లేదు అంది, మరీసా ఊరుకుంటుందా, అబ్బో రాణిగారికి ఈ రోజు దాసీలు కావాలంట, అని వెక్కిరిస్తూనే ఎమ్రీ జడ తనే వేసింది, జోలీన్ ముందు సీట్లోంచి చూసింది, బెదురు కాబోలు అనుకుంది, పెద్ద మ్యాచ్ కదా, పొగరేమో అని కూడా అనుకుంది, గురువారం సాధనలో ఎమ్రీ తన భుజం పట్టుకుని నిలబడితే, ఏంటే నొప్పా అంటే, ఏం లేదు కోచ్, బావుంది కోచ్, అంది, బావుంటే ఇంకేం, చెయ్యి ఇప్పుడిప్పుడే నిద్ర లేస్తోందే పిల్లా, ఇంకో బకెట్ బంతులు వెయ్యి, అంది జోలీన్, అంది, తన నోటితోనే, నాన్న గొంతుతో, ఏ గొంతు ఎవరిదో ఇప్పుడు తెలియడం లేదు, గాలి ఎక్కువైంది, పాట ఎక్కువైంది, వేడ్ మళ్లీ ఏదో అంటున్నాడు, సైగ, సైగ.

ముక్కా, చెవా, చెయ్యి పైకి లేచి మొహం దగ్గర ఆగి, ఎక్కడికి పోవాలో తోచక, టోపీ కిందకి పోయి తన జుట్టు తడిమింది, పొట్టి జుట్టు, మగరాయుడి జుట్టు, ఫ్యాషనా కోచ్ అని పిల్లలు నవ్వుతారు, అవునే అంటుంది, ఫ్యాషనూ లేదు గాడిదగుడ్డూ లేదు, ఆ చివరి ఏడు దువ్వెన నెత్తిదాకా ఎత్తలేక, ఇంకొకరితో జడ వేయించుకుంటే సంగతి బయటపడుతుందని, వసతిగృహం గదిలో కత్తెర పుచ్చుకుని తనే కత్తిరించేసుకుంది, ఎందుకో అమ్మ కనిపెట్టలేదు, నాన్న కనిపెట్టలేదు, పొట్టిజుట్టు ఆటకి మంచిదేలే అన్నాడు నాన్న, భుజం తెగిన ఆ మ్యాచ్‌లో కంచె వెనక బకెట్ మీద కూర్చున్న ఆయన వైపు ప్రతి బంతికీ ముందు తను తల తిప్పి చూసింది, ఎంతలా చూసిందో, అడుగు నాన్నా, ఒక్కసారి అడుగు, నేను చెప్పలేను, నువ్వడుగు, ఆయన బొటనవేలు పైకెత్తి నవ్వాడు, ఇంకొకటి వెయ్యి అమ్మడూ అని.

ఎమ్రీ మళ్లీ తల తిప్పింది, కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది, వేళ్లు బంతి చుట్టూ తెల్లబడ్డాయి, ఇనపజాలీ వెనక అవే కళ్లు, సైగ కోసం కాదు, అపనమ్మకం కాదు, పెద్ద కాలేజీ కాదు, వాళ్లమ్మా కాదు, జోలీన్ అంపైర్‌కి చెయ్యెత్తి ఆట ఆపమంది, ఎక్కడికే, పిచ్చెక్కిందా, కప్పు పోతుంది, నీ ఉద్యోగం పోతుంది అని వెనక నుంచి వేడ్ అరుస్తున్నాడు, పోతే పోనీ, డగౌట్ మెట్లెక్కి ఎర్రమట్టిలోకి దిగింది, చెయ్యెలా ఉందని అడిగితే బావుంది కోచ్ అంటుంది, ప్రాణం పోతున్నా అదే అంటుంది, ఆ మాట నేర్పింది మనమే, అందుకని చెయ్యి సంగతి ఎత్తదు, దగ్గరికెళ్లి, బంతి అందుకుని, తెలిసినా సరే, ఆ జడ ఎవరు వేశారే అని అడుగుతుంది.