గొంతు కాపలా

మా ఆయన గిరిప్రసాద్‌కు గాయకుడు వేదమూర్తి ఆదర్శం. ఆదర్శమంటే ఆయనలా సాధన చేయడం అనుకునేరు. వేదమూర్తి ఫొటోల్లో మెడకు మఫ్లరు ఉంటుందని, తిరుపతి ఎండల్లో ఈయన కూడా ఒకటి చుట్టుకుని తిరుగుతాడు. గాయకులకు పెరుగు పడదని ఎవరో చెబితే, ఇంట్లో పాలు తోడుపెట్టనివ్వడు. పొద్దునపూట మౌనమట, పాలవాడికి బదులు నేనే చెప్పాలి. చుట్టాలు ఒక పాట పాడమంటే గొంతు తడుముకుని తల అడ్డంగా ఊపుతాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆ గొంతులోంచి ఒక్క పల్లవి కూడా నేను వినలేదు.

మొన్న వేదమూర్తి కచేరీకి తిరుపతి వస్తే, తెలిసినవాళ్ళు మమ్మల్ని ఆయన దిగిన లాడ్జికి తీసుకెళ్ళారు. మేం వెళ్ళేసరికి ఆయన నిమ్మకాయ ఊరగాయ నంజుకుంటూ పెరుగన్నం తింటున్నాడు.

"మఫ్లరు యాడ సార్?" అన్నాడు మా ఆయన, దిగులుగా.

"అదా, ఊటీలో కచేరీ అప్పుడు చలికి కట్టుకున్నాను. ఆ ఫొటోనే అందరూ వేస్తున్నారు. నువ్వూ పాడతావా నాయనా?"

"లేదు సార్. గొంతు చెడిపోతాదని పాడను."

వేదమూర్తి చేతిలో ముద్ద అక్కడే ఆగింది. ఆయన మా ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"అమ్మా, నువ్వు పెరుగన్నం తిని ఎన్నాళ్ళయింది?"

ఇంటికి రాగానే తోడుపెట్టడానికి పాలు కాచాను. పొయ్యి మీంచి గిన్నె దించడానికి మసిగుడ్డ కోసం వెతకలేదు. మఫ్లరు ఉంది కదా.