కౌముది గుండె చప్పుడు

కొవ్వూరులో ఆ వీధివాళ్ళకి పొద్దున్నే పాలవాడి కేకకంటే ముందు వినిపించేది కౌముది గుండె. దబ్, దబ్ అని, పక్కింట్లో ఎవరో నింపాదిగా పిండి దంచుతున్నట్టు ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. అందరికీ అలవాటే. పక్కింటి వీరవేణి గోడ మీంచి తొంగిచూసి, "ఏంటమ్మా, నిన్న సాయంత్రం ఫోనొచ్చినప్పుడు అంత గబగబా కొట్టుకుంది, ఎవరేంటి?" అని అడిగేది, పులుసులో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా.

మనసులో మాట దాచుకునే భాగ్యం లేదు పాపం ఆ పిల్లకి. అంతకంటే పెద్ద కష్టం ఇంకోటుంది. దాన్ని ఎవరూ ఏమీ అడగరు. వాళ్ళ నాన్న లక్ష్మీనరసింహంగారు సంస్కృతం మాష్టారు. కూతురికి కొత్త చీర తెచ్చినా, నచ్చిందా అని నోటితో అడిగిన పాపాన పోలేదు. చెవి ఒగ్గి వింటారు, "నచ్చిందటే!" అని వంటింట్లోకి కేకేస్తారు. కౌముది నోరు తెరిచేలోపు చీర బీరువాలోకి వెళ్ళిపోతుంది.

పెళ్ళిచూపుల్లోనూ అదే అయింది. పాలకొల్లు నుంచి శరత్‌చంద్ర వచ్చాడు. బ్యాంకులో ఆఫీసరు. అతను ఎదురుగా కూర్చోగానే కౌముది గుండె కిటికీ రెక్కలు అదిరేలా కొట్టుకుంది. మాష్టారి మొహం చేటంత అయింది. తల్లి సీతారామలక్ష్మిగారు అతని పళ్ళెంలో ఇంకో కాజా వేశారు.

"ఇంక అడిగేదేముందండీ, అమ్మాయిగారే చెప్పేస్తున్నారుగా" అన్నాడు శరత్‌చంద్ర, తల వంచి శ్రద్ధగా వింటూ. "ఈవిడతో అదొక సుఖమండి. ఎక్కడికెళ్ళారు, ఏమనుకుంటున్నారు అని బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. పక్కన కూర్చుని వింటే చాలు."

అందరూ నవ్వారు. కౌముదికి ఒళ్ళు జలదరించింది. జీవితాంతం పక్కన కూర్చుని వినే మనిషి! పెళ్ళివారు వెళ్ళగానే తల్లి దగ్గరకెళ్ళి, "నాకొద్దమ్మా" అంది.

"ఊరుకోవే, సిగ్గు కాకపోతే! వీధి వీధంతా విన్నారు" అని ఆవిడ కొట్టిపారేసింది.

తాంబూలాలు పుచ్చుకున్నాక వెనక్కి తిరగడమనేది ఆ ఇంట్లో లేదు. ఆ తాంబూలాలు రేపనగా శరత్‌చంద్ర ఫోన్ చేశాడు. రాజమండ్రి కాలేజీ గ్రౌండులో రాక్ షో ఉందట, అయిదు బ్యాండ్లు వస్తున్నాయట, పాసులున్నాయట. ఆడపిల్లని తోడు లేకుండా పంపుతారా? మాష్టారు పంచె మీద స్వెటరు వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని తనూ కారెక్కారు. బ్రిడ్జి దాటుతున్నంతసేపూ కారులో ఒకటే దబదబ.

"మంచి హుషారుగా ఉన్నట్టున్నారే" అని శరత్‌చంద్ర స్టీరింగ్ దగ్గర్నుంచి నవ్వాడు.

మొదటి బ్యాండు అందుకోగానే కౌముది ఉలిక్కిపడింది. తన గుండె తనకి వినిపించలేదు! చెయ్యేసి చూసుకుంది. ఉంది. ఓరి భగవంతుడా, ఉండీ వినిపించకపోవడం ఇంత హాయా! స్టేజి మీద కుర్రాళ్ళు జుట్లు విరబోసుకుని అమ్మవారు పూనినట్టు ఊగుతున్నారు. మాష్టారు దూది చాలక అరచేతులు కూడా అడ్డం పెట్టుకున్నారు. అంత గోలలో ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒంటరిగా కూర్చున్నంత సుఖపడింది.

మూడో బ్యాండు దిగిపోయింది. నాలుగోది ఎంతకీ రాదు. వాళ్ళు బెంగుళూరువాళ్ళు. పాడబోయేవాళ్ళకి ఎక్కడైనా కాస్త టీ, బిస్కెట్టు ఇస్తారు. మన కమిటీవాళ్ళు విస్తళ్ళు వేసి కూర్చోబెట్టారు. పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, బొబ్బట్ల మీద నెయ్యి. "అయ్యో, ఏం తిన్నారండీ, మొహమాటపడకండి" అంటూ అడ్డుపెట్టిన చేతుల మీంచే వడ్డించేశారు. పాడేవాడు విస్తరి ముందునుంచి లేవలేకపోయాడు.

దాంతో గ్రౌండంతా సద్దుమణిగింది. దబ్, దబ్ అని మొదలైంది.

"సౌండ్ చెక్కా?" అన్నారు వెనక వరసలో ఎవరో.

"కాదెహె, ఆ అమ్మాయి గుండె" అన్నాడు పక్కవాడు. ఇద్దరూ మళ్ళీ ఫోన్లలో తలదూర్చారు.

శరత్‌చంద్ర కుర్చీ దగ్గరకి జరుపుకున్నాడు. "రేపటి సంగతి తలుచుకుంటున్నట్టున్నారు. విన్నారా మావయ్యగారూ?"

"కాదండీ" అంది కౌముది.

"మీరు కాదంటున్నారు, అది ఔనంటోంది. నేను దాన్నే నమ్ముతాను" అన్నాడు ముద్దుగా.

గుండె ఇంకా జోరందుకుంది. అతను ఇంకా మురిసిపోయాడు. భయమేస్తే చప్పుడు పెరుగుతుంది, పెరిగితే సంబరమనుకుంటారు, ఆ సంబరం చూస్తే మరింత భయం. ఏం చేసి చస్తుంది ఆ పిల్ల?

ఇంతలో అందరికంటే తక్కువ తిన్న డ్రమ్మరు ఒక్కడూ స్టేజి మీదకొచ్చాడు. కర్రలు చేతిలో పట్టుకుని కాసేపు విన్నాడు. తర్వాత పెద్ద డ్రమ్ము మీద కాలితో అదే దెబ్బ కలిపాడు. దబ్, దబ్. స్పీకర్లన్నీ అందుకున్నాయి. కుర్రాళ్ళు లేచి అదే దెబ్బకి గెంతడం మొదలెట్టారు. మిగతా బ్యాండువాళ్ళు కూడా కడుపులు పట్టుకుంటూ వచ్చి గిటార్లు తగిలించుకున్నారు.

మాష్టారికి కంగారు పుట్టింది. కూతురి గుండె నాలుగువైపుల నుంచీ వస్తోంది. దూది తీసేసి అటు విన్నారు, ఇటు విన్నారు. ఏది కూతురిదో, ఏది డ్రమ్ముదో తెలిస్తేగా! చేసేదిలేక ఆ పిల్ల మొహంలోకి చూశారు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏంటమ్మా?" అని చెవిలో అరిచారు. అడగడం ఆయనకే కొత్తగా ఉంది.

"నాకిష్టం లేదు నాన్నా!"

"పాటా?"

"పెళ్ళి!"

"మరి ఆ రోజు కిటికీలు అదిరిపోయాయి కదే!"

"భయమేసి నాన్నా. అతనంటే భయం."

ఎక్కడెక్కడివో గుర్తొస్తున్నాయి ఆయనకి. "ఇంటర్లో లెక్కల గ్రూపు తీసుకుందామన్నప్పుడు?" అన్నారు చివరికి.

"అప్పుడూ అంతే."

"మీ అత్తయ్య ఇంట్లో ఉంచి చదివించినప్పుడు? వారం రోజులు అలాగే కొట్టుకుందిగా?"

కౌముది తలూపింది.

"సంతోషమనుకున్నానే తల్లీ" అన్నారు మాష్టారు.

చెప్పేశాక కౌముది ఊపిరి కుదుటపడింది. స్టేజి మీద డ్రమ్ము కూడా నెమ్మదించింది. గెంతుతున్న జనమంతా, ఎవరూ చెప్పకుండానే, ఆ నెమ్మదికి సర్దుకున్నారు.

"ఏంటిది, వీళ్ళిలా నీరసపడిపోయారు!" అని శరత్‌చంద్ర విసుక్కున్నాడు. కౌముది వైపు వంగి చెవి ఒగ్గాడు. ఏమీ తేలక మాష్టారి వైపు చూశాడు. "మావయ్యగారూ, మీకేమైనా వినిపిస్తోందా?"

"లేదు బాబూ" అన్నారు మాష్టారు, లేచి తన కుర్చీ ఇద్దరి మధ్యలోకి లాక్కుంటూ. "రేపు తాంబూలాలకి రావద్దని మీవాళ్ళకి చెప్పండి. అమ్మాయిని నేను అడిగాను. వద్దంది."