సంజాయిషీ గడిలో టిక్కు

నాకు నోరెక్కువని గణపవరంలో అందరికీ తెలుసు. అలాంటిదాన్ని, 2008 జూన్‌లో ఒక్క కాగితం ముందేసుకుని రెండు రోజులు నోరు మెదపలేదు.

ఏలూరులో ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగం దాదాపు ఖాయమైంది. నా ఆరాటం జీతం కోసం కాదు. తొమ్మిదేళ్ల నా కూతురు షారోన్‌కు చెవులు వినపడవు. అక్కడే బధిరుల పాఠశాల హాస్టల్లో ఉంటుంది. వాళ్ళ నాన్న పోయాక, ప్రతి ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి వెళ్ళి చూసొచ్చేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర నా చెంగు వదిలేది కాదు. ఈ ఉద్యోగం వస్తే రోజూ సాయంత్రం బిడ్డ నా దగ్గరికే వస్తుంది.

ఆసుపత్రివాళ్ళు ఒక ఫారం పంపారు. నా గురించి ఇప్పటి యజమాని ఏయే వివరాలు చెప్పవచ్చో నేనే టిక్కు పెట్టాలట. చేరిన తేదీ, హోదా, సెలవులు, ఆఖరి గడిలో సంజాయిషీలు. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

మూడేళ్ళ కిందటి డిసెంబరు సంగతి. క్రిస్మస్ ముందు మా చర్చి సంఘంవాళ్ళం రాత్రుళ్ళు ఇంటింటికీ పాటలకు తిరుగుతాం. ఒకరోజు తెల్లారి ఆ నిద్రమొహంతోనే నేను పనిచేసే చేపల ప్యాకింగ్ షెడ్డుకు వెళ్ళి లారీల కాగితాలు రాశాను. హౌరా వెళ్ళాల్సిన లారీకి నాగపూర్ కాగితాలు, నాగపూర్ లారీకి హౌరా కాగితాలు ఇచ్చేశాను. ఇద్దరూ కొత్త డ్రైవర్లు. తాడేపల్లిగూడెం దాటాక ఒకడు అటు, ఒకడు ఇటు. కాసేపటికి నకళ్ళు చూసుకుంటే తప్పు బయటపడింది. వెంటనే యజమాని నరసింహరాజుగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన మనుషుల్ని పరిగెత్తించి లారీలను వెనక్కి తిప్పించారు. అయినా ఐసు కరిగి కొంత సరుకు పాడైంది.

నన్ను తీసేయాల్సిందేనని ఆయన భాగస్వాములు పట్టుబట్టారు. ఆయన తీయలేదు. "సంజాయిషీ రాసిచ్చి పనిలోకి రా అమ్మా" అన్నారంతే. ఆ కాగితం నా ఫైల్లో ఉండిపోయింది.

ఫారం పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్ళాను.

"ఆఖరి గడి వదిలెయ్యి లిడియా. నువ్వు ఒప్పుకోనిది నేను చెప్పను."

"వదిలేస్తే అనుమానపడరాండీ?"

"పోనీ, ఆ కాగితం ఇప్పుడే చింపేస్తాను. అసలు లేనే లేదందాం."

ఆయన నిజంగానే బీరువా దగ్గరికి లేచారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"చింపేస్తే, అంతా వద్దన్నా మీరు నన్ను ఉంచుకున్న సంగతి కూడా పోతుంది కదండీ!" అని అరిచి, నాలుగు గడుల్లోనూ టిక్కులు పెట్టేశాను.

బయటికొచ్చాక గాని షారోన్ గుర్తు రాలేదు. ఎంత పని చేశానని నన్ను నేనే తిట్టుకున్నాను.

పది రోజులకు ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. రికార్డుల అధికారి ఎలిజబెత్ గారు రాజుగారు పంపిన ఆ సంజాయిషీ నా ఎదురుగానే చదివారు.

"ఈ గడిలో టిక్కు పెట్టింది మీరొక్కరేనండీ," అన్నారావిడ. "ఇక్కడుండేవి రోగుల కాగితాలు. ఎప్పుడో ఒకప్పుడు తారుమారవుతాయి. అప్పుడు దాచకుండా చెప్పే మనిషి కావాలి నాకు. ఒకటో తారీకున చేరండి. డిసెంబరులో మాత్రం మా సంఘంతో పాటలకు రండి. మేం పదింటికల్లా ఇళ్ళకు పోతాం."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బస్టాండులోంచి రాజుగారికి ఫోన్ చేశాను.

"చాలా సంతోషం అమ్మా," అన్నారు. "ఇక్కడ తప్పు జరిగితే నాకు తనంతట తానే చెప్పేది నువ్వొక్కదానివే. ఇక ఎవరు చెబుతారు?"

"మీరు తిట్టరని తెలుసు కనుకే ఆ రోజు చెప్పగలిగానండీ," అన్నాను. "మిగతావాళ్ళకి కూడా ఆ సంగతి చెప్పండి."