తీసేసిన చివరి ప్రశ్న

మూడు గంటలకు కమిటీ. పదకొండింటికి అటెండర్ తలుపు తోసుకుని వచ్చాడు.

"మేడమ్, స్టోర్‌రూమ్‌లో మీ పాత సర్వే కాగితాలు పాతిక మూటలున్నాయి. కొనేవాడు కింద కాచుక్కూర్చున్నాడు. ఇచ్చేయమంటారా, ఇంకా వాటిని ముద్దు చేస్తారా?"

"పది నిమిషాలు ఆగమను," అంటూ పరిశోధకురాలు లేచింది.

ఆమె నివేదిక సిద్ధంగానే ఉంది. పాత మిల్లు పేటలో కుటుంబాలు మందులకు పెట్టే ఖర్చు రెండేళ్లలో నలభై శాతం తగ్గిందని అది చెబుతోంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని కమిటీ పేటలోని చౌక మందుల దుకాణాన్ని మూసేయబోతోంది. భారమే తగ్గాక దుకాణం దేనికని వాళ్ల వాదన. నివేదిక గట్టెక్కితే ఆమెకు విభాగాధిపతి కుర్చీ ఖాయం.

మూట ముడి విప్పగానే పాత కాగితాల వాసన గుప్పుమంది. ఇరవై రెండేళ్లు ఒక్కసారిగా వెనక్కి వెళ్లిపోయాయి.

అప్పుడు ఆమె కొత్త ఉద్యోగి. ఆమె మాస్టారని పిలిచే ఆయన పై అధికారి. ఒకే గొడుగు కింద ఇద్దరూ ఆ పేట సందులన్నీ తిరిగేవాళ్లు. ఏ ఇంటికెళ్లినా ఆయన ముందు మంచినీళ్లు అడిగేవారు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆ ఇంటి కష్టసుఖాలన్నీ బయటికొచ్చేవి. "ఖర్చు సంగతి తర్వాత. ముందు మందుల డబ్బా తెమ్మను," అని ఆమె చెవిలో గొణిగేవారు. మాత్రలన్నీ చాప మీద పోసి లెక్కపెట్టడం ఆమె పని. తడబడితే మళ్లీ మొదటి నుంచి.

"ఎకనామిక్స్‌లో గోల్డ్ మెడల్ అన్నావ్, ముప్పై దాకా లెక్కపెట్టడం రాదేంటమ్మా!" అని ఆయన ఆటపట్టిస్తే, ఇంట్లోవాళ్లు కూడా పడీపడీ నవ్వేవాళ్లు. చెప్పులు ఇట్టే అరిగిపోయేవి. ఆ నవ్వులు మాత్రం ఈ చల్లటి గదుల్లో ఆమెకు మళ్లీ దొరకలేదు.

ఫారం చివర మాస్టారి గుండ్రటి అక్షరాలు కనిపించాయి: "ఇంట్లో ఇప్పుడు ఎన్ని మాత్రలున్నాయి? డాక్టర్ రాసినట్టు వాడితే ఎన్ని ఉండాలి?"

ఆమె పెదవుల మీది నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ ప్రశ్న ఇప్పటి సర్వేలో లేదు. రెండేళ్ల కిందట సర్వేను ఫోన్‌లోకి మార్చినప్పుడు పన్నెండు నిమిషాల్లో ముగించాలని ఆమే తీసేసింది. ఖర్చు తగ్గింది జబ్బులు తగ్గినందుకా, మందులు తగ్గించినందుకా అన్నది తేల్చగలిగేది అదొక్కటే.

"మూటలు ఎవరికీ ఇవ్వకు!" అని అరుస్తూ ఆమె మెట్లు దిగింది.

పేటలో మొదటి ఇల్లు బొత్తాల బామ్మది. చొక్కాలకు బొత్తాలు కుట్టి బతికే మనిషి. సూది ఆపి కళ్లు చికిలించి చూసింది.

"ఎవరూ? ఆ లెక్కల పిల్లవేనా! ఎంత లావయ్యావే! గొడుగాయన ఏడీ?"

"రిటైరయ్యారు బామ్మా. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా?"

"మానితేగా! మీ ఫోను పిల్లకీ అదే చెప్పాను."

"ఏదీ, డబ్బా తే."

బామ్మ కాస్త నసిగి డబ్బా తెచ్చింది. అందులో మాత్రలన్నీ సగాలే. బ్లేడుతో కోసి, కాగితంలో పొట్లం కట్టినవి.

"ఇదేంటి బామ్మా?"

"రోజూ సగం. కుట్టుపని తగ్గిపోయిందే తల్లీ. అసలు మానేసేకంటే నయం కాదూ? ఎవరూ అడగలేదు. నా అంతట నేను చాటింపు వేసుకోనా?"

ఆమె మరో నాలుగిళ్లు పరుగున తిరిగింది. మూడిళ్లలో అదే కథ.

మూడు గంటలకు కమిటీ ఛైర్మన్ నివేదిక మీద చెయ్యి వేసి చిరునవ్వు నవ్వాడు. "నలభై శాతం! శుభవార్త."

"కాదండీ. జబ్బులు తగ్గలేదు. జనం మాత్రలు సగం చేసుకున్నారు. ఆ సంగతి బయటపెట్టే ప్రశ్నను నేనే తీసేశాను. తప్పు నాది. ఈ నివేదికను నమ్మి దుకాణం మూసేయకండి."

పక్కనే కూర్చున్న ఆమె ఆఫీసు డైరెక్టర్ మొహం కందగడ్డయింది. అరగంట తర్జనభర్జన తర్వాత నిర్ణయం వచ్చింది. మూడు నెలల దాకా దుకాణం జోలికి పోరు. ఈలోగా సర్వే మళ్లీ చెయ్యాలి. విభాగాధిపతి కుర్చీ మాత్రం వేరొకరికి.

వరండాలోకి వచ్చి ఆమె మాస్టారికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, మీ చివరి ప్రశ్న తీసేశాను."

"తెలుసు. దాన్ని తీసేయొద్దని రెండేళ్ల కిందటే ఉత్తరం రాశానుగా. 'మీ సూచన అందింది, ధన్యవాదాలు' అని మీ ఆఫీసు జవాబిచ్చింది. కింద నీ సంతకమే."

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"ఏడుస్తున్నావా?" అన్నారాయన.

"లేదండీ. రేపు ఎనిమిదింటికి పేటలో మొదలుపెడుతున్నాను. ప్రతి ఇల్లూ."

"ఏడింటికి పెట్టుకో. నా మోకాళ్లతో సందు దాటడానికే గంట పడుతుంది."

"మీరెందుకండీ శ్రమపడటం?"

"ముప్పై దాటితే నీ లెక్క తప్పుతుందమ్మా," అని ఆయన ఫోన్ పెట్టేశారు.