గోడకి పోసిన అమ్మవారు

వర్క్‌షాపు సైరను మోగకముందే సూరిబాబు సైకిలు గుమ్మం దాటాలి. ఆలోగా టీ, టిఫిను డబ్బా, చాందిని చేతికో బిస్కెట్టు. ఉమారాణి పొద్దుటిపూట అంతా ఈ హడావిడే. ఆ రోజు బిస్కెట్టు చాందిని చేతిలోంచి జారి కింద పడింది. రెండేళ్ళ పిల్ల, ఒళ్ళు కాలిపోతోంది. గౌను ఎత్తి చూస్తే పొట్ట నిండా నీటి పొక్కులు.

అత్తగారు వరహాలమ్మ పిల్లని చూడనేలేదు, ముందు గోడకేసి చూసింది. ముందుగదికీ పడకగదికీ మధ్య ఉన్న గోడ మీద, కింది భాగంలో, పసుపు రంగు సున్నం పొక్కులు పొక్కులుగా లేచి ఉంది.

“అమ్మోరు పోసిందే పిల్లా. పొయ్యి మీద పోపుంటే దింపేయ్,” అంది.

రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే ఆ ఇంటి గోడకీ పోస్తుంది. ఎప్పట్నించో అంతే, ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోరు. ఎవరి పొక్కులు వాళ్ళ ఎత్తులోనే లేస్తాయి. గోడ మీద ఎండితే మర్నాటికి ఒంటి మీద ఎండుతాయి. మరమ్మతులకొచ్చే రైల్వేవాళ్ళు మాత్రం ‘సీలన్’, అంటే చెమ్మ, అని రాసుకుని పోతారు. పాపం, వాళ్ళ కాగితాల్లో అమ్మవారికి గడి లేదు.

వాకిట్లో వేపమండలు కట్టారు. ఇంట్లో పోపు బంద్, చేపలు బంద్, సూరిబాబు గడ్డం గీసుకోవడం బంద్. పక్కింటి సాహూ భాభీ గుమ్మం బయటే నిలబడి, “మాతా ఆయీ హై క్యా?” అని, అమ్మవారు వచ్చిందా అని హిందీలో అడిగి, చెప్పులు విప్పి దణ్ణం పెట్టి వెళ్ళింది. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి, ఒక్కటి తప్ప. కన్నతల్లి మళ్ళీ పిల్లని ముట్టుకోలేదు.

ఉమారాణికి రెండో నెల. ఆ సంగతి సూరిబాబుకి తప్ప ఎవరికీ తెలీదు. కిందటేడు ఇలాగే నెల తప్పగానే అందరికీ చెప్పుకుని, అందరూ సంతోషపడుతుండగానే పోగొట్టుకుంది. ఈసారి మూడో నెల వెళ్ళేదాకా నోరు విప్పకూడదని మొగుడూ పెళ్ళాం ఒట్టేసుకున్నారు. ఇప్పుడు గుట్టుగా ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ అడిగింది, చిన్నప్పుడు నీకు పోసిందా అని. చెప్పడానికి ఉమారాణికి తల్లి లేదు. తండ్రికి ఫోను చేస్తే, “అవన్నీ మీ అమ్మకే తెలుసమ్మా,” అన్నాడాయన.

“అయితే పోయలేదనే అనుకుందాం,” అంది డాక్టరమ్మ హిందీలో. “పాప గదిలోకి వెళ్ళకు. కడుపులో బిడ్డకి ప్రమాదం. నీకు ఈపాటికే అంటుకుందేమో, కొన్నాళ్ళు చూస్తేగానీ తెలీదు.”

అలా పడకగదిలో చాందిని, నాయనమ్మ, ముందుగదిలో ఉమారాణి. మధ్యన గోడ.

“అమ్మా, దా,” అని చాందిని తలుపు మీద అరచేతులతో కొట్టేది. ఇవతల ఉమారాణి నోట్లో కొంగు కుక్కుకునేది.

“దానికి జ్వరంగా ఉందమ్మా, అందుకే రావట్లేదు,” అన్నాడు సూరిబాబు తల్లితో.

“జొరమైతే అంతన్నం ఎలా తింటాదిరా?” అంది వరహాలమ్మ.

మొగుడి అబద్ధం అక్కడితో సరి.

గోడకి ఇవతల వైపు కూడా చాందిని పొక్కులు లేచాయి. పిల్ల గోక్కుంటూ ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక ఉమారాణి ఒక వేపరెమ్మ తుంచి ఆ పొక్కుల మీద మెల్లగా రాసింది. అవతల ఏడుపు ఆగింది. చెయ్యి ఆపింది, మళ్ళీ ఏడుపు. ఇంక అక్కణ్ణించి కదల్లేదు. వంగి రాసి రాసి నడుం పట్టేస్తే లేచి, గోడకి ఒళ్ళంతా ఆనించి నిలబడేది. కాస్త ఓపిక రాగానే మళ్ళీ వంగేది.

“నా చేతి వేపాకు మహిమ,” అని వరహాలమ్మ లోపల మురిసిపోయేది.

కానీ జ్వరం తగ్గలేదు. ఒక మధ్యాహ్నం పిల్ల గొంతు పోయింది, ఏడుపు కూడా బయటికి రావడం లేదు. ఉమారాణి గడియ మీద చెయ్యి వేసింది. వరహాలమ్మే తలుపు తీసింది.

“రాయే, ఇకనైనా ఎత్తుకో. పిల్ల నీకోసమే బెంగెట్టుకుంది.”

అత్త భుజం మీదుగా చాందిని కనిపించింది. పొక్కులు లేని చోటంటూ లేదు ఆ మొహంలో. చేతులు చాపింది. ఉమారాణి ఒక కాలు లోపలికి వేసి, వెనక్కి తీసుకుంది.

“రాలేనత్తా.”

“నువ్వూ ఒక తల్లివేనా? రేపు ఇంకోదాన్ని కంటే దాన్నీ ఇలాగే వదిలేస్తావేటి?”

తలుపు మూసుకుంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఉమారాణి రెండు చేతులూ, చెంపా, పొట్టా గోడకి అదిమి నిలబడి ఏడ్చింది. కడుపులో ఉన్నదాని కోసమా, గోడ అవతల ఉన్నదాని కోసమా అంటే ఆమెకే తెలీదు. సూరిబాబు డ్యూటీ దిగి వచ్చి పట్టుకుని లాగేదాకా అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్న చాందినికి చెమట పట్టి జ్వరం దిగింది. పసుపు కోసం ముందుగదిలోకి వచ్చిన వరహాలమ్మ గోడ ముందు ఆగిపోయింది. కింద చాందిని పొక్కులు ఎండి నల్లబడ్డాయి. వాటిపైన, పెద్దవాళ్ళ ఎత్తున, కొత్తవి లేచాయి. చెంప దగ్గర, అరచేతుల దగ్గర, ఛాతీ దగ్గర ఎర్రగా, గుత్తులు గుత్తులుగా. నడుమెత్తున మాత్రం కొబ్బరికాయంత చోటు గుండ్రంగా, నున్నగా ఉండిపోయింది. చుట్టూ అన్ని పొక్కులు, అందులో ఒక్కటీ లేదు.

వరహాలమ్మ కోడలి చేతులు పట్టుకుని తిప్పి చూసింది. శుభ్రంగా ఉన్నాయి. మళ్ళీ గోడమీది ఆ గుండ్రటి చోటు చూసింది. కోడలి పొట్ట మీద అరచెయ్యి పెట్టింది.

“ఎన్నో నెలే?”

“రెండు, అత్తా.”

“నాతో సెప్పకూడదేటే? ఎంత మాటనేశాను నిన్ను! పాడు నోరు!” అని నోటి మీద కొట్టుకుంది. ఉమారాణి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరూ ఆ గోడ కిందే కూర్చుని ఏడ్చారు.

పొక్కులన్నీ ఎండి రాలాక పిల్లకి నీళ్ళు పోశారు. వేపాకూ పసుపూ వేసి ఎండలో పెట్టిన నీళ్ళు. తడి ఒంటితోనే చాందిని వచ్చి తల్లి మెడ పట్టుకుని వేలాడింది, ఇంక వదిలితే ఒట్టు. వరహాలమ్మ ఒక చెంబు నీళ్ళు మిగిల్చి ముందుగదిలోకి తెచ్చింది. మనిషికి పోసినట్టే, తల మీంచి మొదలుపెట్టి, గోడకి పోసింది.

ఉమారాణి ఒంటి మీద పొక్కు లేవలేదు. చలికాలంలో పుట్టిన పృథ్వీ ఒంటి మీద పుట్టుమచ్చ కూడా లేదు. గోడకి మాత్రం ఎన్నిసార్లు సున్నం వేసినా మచ్చలు పైకి వస్తూనే ఉన్నాయి. రైల్వేవాళ్ళు వచ్చి మళ్ళీ సీలన్ అని రాసుకుని పోయారు. నడక వచ్చాక పృథ్వీ ఆ మచ్చల మధ్య నున్నటి చోటుని అందుకోవాలని మునికాళ్ళ మీద లేచేవాడు. అందేది కాదు. వరహాలమ్మ వాణ్ణి ఎత్తుకుని, అరచెయ్యి విప్పి, అక్కడ ఆనించేది.