చిజుకో వంతు

జపాన్‌లో కురే ఊరి కమ్యూనిటీ హాల్లో గురువారం పొద్దున ఇంగ్లీషు క్లాసు. నేర్చుకునేవాళ్ళు ఐదుగురు, అందరూ డెబ్బై దాటినవాళ్ళే. ఈ వయసులో ఇంగ్లీషుతో పనేమిటంటే ఏమీ లేదు, ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు బిగుసుకుపోతాయి, అంతే. వారానికొకరు మూడు నిమిషాలు మాట్లాడాలి, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. ఎవరి వంతు వచ్చినా మనవల కబుర్లూ ముల్లంగి ఊరగాయలూనే. పొరపాటున రెండో ప్రపంచ యుద్ధం ఊసెత్తితే, అందరిలోకీ పెద్దవారైన ఒరిబే గారు ఫ్లాస్కు మూత తీసి “టీ తాగుదామా?” అనేవారు.

ఈ వారం వంతు చిజుకోది. టీచరు మిలాగ్రోస్‌ది ఫిలిప్పీన్స్. ఇక్కడివాణ్ణి పెళ్ళాడి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటోంది. చిజుకో మోకాలి ఆపరేషనప్పుడు గంజి కాచి తెచ్చిపెట్టిన మనిషి. ఆ మనిషి ముందే ఆ మాట చెప్పాలి. చెబితే మళ్ళీ ఆమె ముఖం చూడగలదా? చెప్పకపోతే, పోయిన నెల అన్న పోయాక ఆ సంగతి తెలిసినది లోకంలో తనొక్కతే. రేపు తనతోపాటు అదీ బూడిదైపోతుంది.

జపనీసులో కట్టుకున్నవాడికే చెప్పలేకపోయింది. పరాయి భాషలోనైతే నాలుక కాలదనుకుంది, పిచ్చిది.

లేచి, కాగితం చూసి ఇంగ్లీషులో చదివింది. “మా నాన్న సైనికుడు. ఫిలిప్పీన్స్‌లో, లూజోన్ ద్వీపంలో పనిచేశాడు. అక్కడ ఒక ఊరు. సైనికులు ఆ ఊరిని తగలబెట్టారు. ఇళ్ళలో జనం ఉన్నారు. నాకు చాలా విచారంగా ఉంది.”

ఒకావిడ అలవాటు కొద్దీ చప్పట్లు మొదలుపెట్టి, రెండు కొట్టి ఆపేసింది. ఒరిబే గారి చెయ్యి ఫ్లాస్కు మీదికి పోయింది.

“టీ తరవాత తాగుదాం లెండి,” అంది మిలాగ్రోస్ జపనీసులో. క్లాసులో ఆమె నోట ఆ భాష అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. “చిజుకో గారూ, ఇప్పుడు మీ భాషలో చెప్పండి.”

“ఇది ఇంగ్లీషు క్లాసు కదమ్మా.”

“ఇంగ్లీషులో నాకు చెప్పారు. నాకు మా అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది. వీళ్ళకెవరు చెప్పారు?”

ఆమె గొంతులో కోపం లేదు. చిజుకోకి అందుకే మరీ భయమేసింది. కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. సొంత భాషలో “సైనికులు” అన్న మాట చాటున దాక్కోవడానికి చోటు దొరకలేదు.

“నాన్న పోయేముందు ఆస్పత్రిలో చెప్పాడు. బయట గడియ పెట్టింది తనేనట. నిప్పంటించిందీ తనేనట. లోపలినుంచి ఒక చంటిపిల్ల ఏడుపు చాలాసేపు వినబడిందట. నాన్న నన్నెప్పుడూ ఎత్తుకోలేదు. ఎందుకో ఆ రోజు తెలిసింది.”



“ఊరి పేరేమిటి?” అడిగింది మిలాగ్రోస్.

“అడగలేదమ్మా. అడిగితే నిజమైపోతుందనిపించింది.” చిజుకోకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మిలాగ్రోస్ ఏమీ పరవాలేదనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, నోటుపుస్తకం తెరిచింది. “ఇంకేం చెప్పాడు? చర్చి ఉందా? ఏరు ఉందా? గుర్తున్నంత చెప్పండి, వెతుకుదాం.”

చిజుకో కళ్ళు మూసుకుంది.

“ఏరు ఉంది,” అంది. “ఊరివాళ్ళు అటు పారిపోకుండా ముందే కాపలా పెట్టారట.”