ఏడుగురి బొంత

పొద్దుగాల చాయ తాగంగనే రబియా బీ అరుగు మీద పాతబట్టలు పరిచి ఏరుకుంట కూసుంటది. చీరలు ఒక దిక్కు, అంగీలు ఒక దిక్కు, మరీ పీలికలైనయి లోపల కూరడానికి ఇంకో దిక్కు. పెద్దవంగర చుట్టుపక్కల నాలుగూర్లల్ల ఆమె కుట్టిన బొంత లేని ఇల్లు లేదు. ఆ బొంత కప్పుకుంటే, అండ్ల ఎవరి బట్టలున్నయో, వాళ్లు అవి కట్టుకున్న దినాలు మనకు కలల వస్తయి. అందుకే కుట్టిచ్చుకునేటోళ్లు ముందే చెప్పుకుంటరు, "మా అవ్వ చీర నడుమల పెట్టు రబియక్కా, మా అత్తది కాళ్లకాడ పెట్టు" అని. ఈదమ్మ గా ముచ్చట చెప్పుడు మర్చిపోయి, సచ్చిపోయిన అత్తతోని రెండేండ్లు తిట్లు తిన్నది. తప్పు ఎవరిది? ముందే చెప్పాలె గద.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న ఏడు అది. బస్సుల్లేవు, బడికి తాళం పడ్డది. ఊరి నడుమ రోడ్డుకు ఆనుకొని దీక్ష టెంట్ వేసిన్రు. గట్టయ్య దానికి పెద్ద. మనిషి మంచోడే గని గొంతు ఎక్కువ, ఓపిక తక్కువ. రాస్తారోకో నాడు కాలవెడ్తామని ఊరూర తిరిగి డెబ్బై పాత టైర్లు జమచేసి టెంట్ ఎనుక పేర్పిచ్చిండు. అవంటే ఆయనకు పానం. వాటి మీదికి పిల్లలెక్కితె కట్టె పట్టుకొని ఉరికేటోడు.

వానలు ఎనుకవట్టే యాళ్లకు ఊర్ల జరం మొదలైంది. కండ్లెనుక నొప్పి, ఒంటి మీద ఎర్రటి చుక్కలు, ఎముకలు ఇరుగుతున్నట్టు బాధ. మొదలు ఐలేశ్ పడ్డడు, తర్వాత ఈదమ్మ, తర్వాత సక్రు. ఏడో మనిషి గట్టయ్య బిడ్డ గీతాంజలి, పదేండ్ల పిల్ల. ఆటోల మానుకోటకు తీసుకపోతె డెంగీ అన్నరు, రక్తంల కణాలు పడిపోయినయన్నరు, దవాఖానల్నే ఉంచుకున్నరు. తల్లి రాధమ్మ పిల్ల కాడ ఉండిపోయింది.

గట్టయ్య తిరిగొచ్చి టెంట్ల నిలవడ్డడు. నిద్రలేక కండ్లు ఎర్రగున్నయి.

"ఏడుగురి ఇండ్లల్ల రబియా బీ బొంతలున్నయి. ఒకరి దినం ఒకరికి తెచ్చే బొంత ఒకరి జరం ఒకరికి తేదా?" అన్నడు.

జరం లేని ఇండ్లల్ల కూడ అవే బొంతలున్నయన్న సంగతి ఆ దినం ఒక్కనికి యాదికి రాలే. బొంతలన్నీ కాలవెట్టాలన్నరు, రబియా బీ ఊరు ఇడిసి పోవాలన్నరు. ఆడనే ఉన్న ఆమె ఆ మాటిని ఇంటి బాట పట్టింది. మొగడు నబీసాబ్ పోయి పన్నెండేండ్లాయె. ఆమె పుట్టింది గీ ఊర్లనే, మెట్టింది గీ ఊర్లనే.

అప్పుడు ఎనుకనుంచి అబ్దుల్ బారీ లేచిండు. ముప్పయ్యేండ్లు ఇంటింటికి తిరిగి దోమలమందు కొట్టి, రక్తం చుక్కలు తీసి రిటైరైన మనిషి. అందరూ మలేరియా సాబ్ అంటరు.

"జర ఆగు గట్టయ్యా. నూటపదేండ్ల కింద సముద్రం అవుతల, క్యూబా దేశంల పచ్చజరం వచ్చింది. ఒళ్లు పచ్చవడి మనుషులు పిట్టల్లెక్క రాలిన్రు. వాళ్లు కూడ నీ లెక్కనే, బట్టలతోని వస్తున్నదని పక్కబట్టలు కాలవెట్టిన్రు. దోమతోని వస్తున్నదని ఒక డాక్టర్ చెప్తె ఇరవయ్యేండ్లు నవ్విన్రు. ఆఖరికి కొంతమంది ధైర్యం చేసి, జరమోళ్లు ఖరాబు చేసిన పక్కబట్టల్ల ఇరవై రాత్రులు పండుకున్నరు. ఒక్కనికి జరం రాలే. దోమ కుట్టినోళ్లకు వచ్చింది. అట్ల కుట్టి ఇంకో డాక్టర్ పానమే పోయింది. ట్రైనింగుల మాకు చెప్పిన ముచ్చట ఇది. ఇది గదే దోమ, కాళ్లకు తెల్లచారలుంటయి, పగటీలే కుడ్తది."

"క్యూబా ముచ్చట నాకెందుకు సాబ్? ఆడ నా బిడ్డ పడున్నది."

"అయితే నేను పండుకుంట. ఏడుగురు ఇడిసిన బట్టలతోని, ఉతకకుంట రబియా ఆపా ఒక బొంత కుడ్తది. బడిల దోమతెర కట్టుకొని పది దినాలు అండ్లనే ఉంట. నాకు జరమొస్తె నువ్వన్నట్టే చెయ్యి."

గట్టయ్య ఒప్పుకున్నడు. "పదొద్దులే" అన్నడు.

రబియా బీ తెల్లారి కూసొని పొద్దూకేటాళ్లకు కుట్టింది. ఐలేశ్ అంగీ, ఈదమ్మ చీర, సక్రు తువ్వాల, గీతాంజలి ఎర్ర గౌను, అట్ల ఏడుగురివి. ఒక మూల బెత్తెడు తక్కువ పడితె తను కట్టుకున్న చీర కొంగు చింపి అతికింది.

"భయం లేదా బారీ భాయ్?" అన్నది.

"నాకెందుకు భయం ఆపా? నీ బొంతల నిద్ర మంచిగ పడ్తది."

ఊరంత కిటికీల కాడ చేరింది. సమ్మెల వేరే పనేమున్నది? తెర లోపల బారీ గురకవెట్టుడు, వీళ్లు బయట లెక్కవెట్టుడు. మెలకువైతె కల చెప్పేటోడు. "ఈదమ్మకు పొద్దంత నోరు ఆగదుర" అంటె అందరూ నవ్విన్రు. మూడో దినంనుంచి మాత్రం ఆయన నవ్వుడు బంద్ చేసిండు. పొద్దుగాల మగతల ఐలేశ్ దినం, అన్నం తిన్నంక సక్రు దినం, ఒకదానెనుక ఒకటి చూసుకుంట పండుకున్నడు. లేచినప్పుడల్ల చీలమండ గోక్కునేటోడు. దోమతెరల దోమ లేదు, కుట్టిన మచ్చ లేదు, దురద మాత్రం ఉన్నది.

ఆరోనాడు గట్టయ్యను కిటికీ కాడికి పిలిచిండు.

"టెంట్ల జాగ లేక ఎనుకకు పోయి టైర్ల మీద కూసున్నరు గట్టయ్యా. ఏడుగురూ అంతే. ఆడనే కాళ్లకు కుట్టింది. నాకింకా దురద పోతలేదు. ఒక చాయ గ్లాసు తీసుకపోయి టైర్ల ముంచి చూడు."

"టైర్ల జోలికి రాకు సాబ్. నా బిడ్డ వాటి మీదికి ఎక్కనే ఎక్కది. ఎవ్వర్ని ఎక్కనియ్య నేను."

చెప్పుడు బారీకి కష్టమైంది.

"ఎక్కలే. నువ్వే ఎత్తి కూసోవెట్టినవ్, అన్నిటికంటె పైన. ఎర్ర గౌను తొడుక్కున్నది. నీ మెడల కండువా తీసి దాని తలకు చుట్టినవ్. జై తెలంగాణ అనుమంటె అన్నది."

గట్టయ్య కిటికీ ఊచలు పట్టుకొని అట్లనే నిలవడ్డడు. ఆ ముచ్చట ఆయన ఎవ్వరికీ చెప్పలే. అప్పుడు టెంట్ ఎనుక ఇంకెవ్వరు లేరు.

పోయి గ్లాసు ముంచిండు. వాననీళ్లల్ల సన్నటి పురుగులు తలకిందులుగ ఏలాడుకుంట, గ్లాసు కదిలితె లుకలుక కిందికి పోతున్నయి. ఒక టైరు కాదు, డెబ్బై టైర్లల్ల అవే. గ్లాసు చేతుల పట్టుకొని ఆయన రోడ్డు మీదనే కూలవడి ఏడ్చిండు.

నీళ్లు పారబోస్తె సాలని బారీ కిటికీలనుంచి మొత్తుకున్నడు గని ఎవరిన్నరు? రాస్తారోకో ఆనాడే అయింది. ఆపుదామంటె రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. డెబ్బై టైర్లు బగ్గున మండినయి, ఊరంత జై తెలంగాణ అని అరిచింది, అటెన్క ఇంటింటికి పోయి గోలేలు, తొట్లు, పగిలిన కుండలు బోర్లిచ్చింది. బారీ మాత్రం తెర ఇడిసి రాలే. మాటంటె మాటేనని పదొద్దులూ పండుకొని, పదకొండోనాడు జరం లేకుంట బయటికొచ్చి రెండు గ్లాసుల చాయ తాగిండు. కొన్నొద్దులకు ఊర్ల కొత్త జరాలు ఆగినయి. అప్పటికే గీతాంజలి ఇంటికొచ్చింది. బక్కగైంది గని నోరు మాత్రం తగ్గలే.

గట్టయ్య రబియా బీ ఇంటి దిక్కు మాత్రం పోలే. "ఇగ ఊరిడిసి పోవుడు అవసరం లేదని చెప్పున్రి" అని మందితోని కబురంపిండు. మొఖం చెల్లలే మనిషికి.

బారీ ఆ బొంత తెచ్చి ఆయన మంచం మీద ఏసిండు. "గీ మూల మొఖం మీద పెట్టుకొని జరసేపు ఒరుగు" అన్నడు. ఎందుకని గట్టయ్య అడగలే.

అది రబియా బీ కొంగు ముక్క. కలల గట్టయ్య ఆమె చేతులతోని మూట కట్టిండు. రెండు చీరలు, నబీసాబ్ ఫొటో, అన్నిటికి అడుగున సూది డబ్బ. మూట ఎత్తుకొని గడప దాటిండు. ఎడమకు పోవాల్నా కుడికి పోవాల్నా తెల్వలే. ఏ ఊర్ల చూసినా తన బొంతలున్నయి గని తనకు ఇల్లు లేదు. గడప మీదనే కూసున్నడు. అంతల సక్రు పెండ్లాం చంద్రి వచ్చి, జరం చెమట వాసనొచ్చే తువ్వాల ఒడిల ఏసింది. "బొంత కుట్టాల్నట అక్కా" అన్నది.

మెలకువైతనే గట్టయ్య చెప్పులు కూడ ఏసుకోకుంట రబియా బీ ఇంటికి ఉరికిండు. మూట ఇంకా తలుపు ఎనుకనే ఉన్నది. ఆమెను అడగకుంటనే ముందల కూసొని ముడి ఇప్పవట్టిండు. ముడి బిగుసుకపోయి ఊడతలేదు.

"తప్పైంది అక్కా" అన్నడు.

రబియా బీ పక్కకొచ్చి కూసొని ముడి రెండో కొస పట్టుకున్నది.

"ముందు సూది డబ్బ తియ్యి. మూడు ఊర్లోళ్లు బట్టలిచ్చి పోయిన్రు."